గేటు జలీలు, ఆఖరి రీలు

టికెట్ చించి చేతిలో పెట్టేలోపు సినిమా ముగింపు చెప్పేయకపోతే జలీల్‌కి కడుపుబ్బిపోతుంది. పూర్ణా మార్కెట్ వెనకాల నూకాంబికా టాకీసులో పాతికేళ్లుగా గేటు దగ్గర నిలబడ్డ మనిషి. అతనికి ఇది ఉద్యోగంలో భాగమే. "ఎల్లండి బాబూ, ఎల్లండి. హీరో సావడు, సెల్లెలి పెళ్లి కూడా అయిపోద్ది" అంటూ సాగనంపేవాడు.

ఒకసారి హంతకుడెవరో తెలియని సినిమా వచ్చింది. మొదటి ఆటకి వచ్చిన వాళ్లలో ఒక్కరిని కూడా వదలకుండా "వంటోడే సంపేడు" అని చెప్పి మరీ లోపలికి పంపాడు జలీల్. ఇంక చూడండి! తెర మీద వంటవాడు కాఫీ కప్పుతో కనబడినప్పుడల్లా హాలు హాలంతా "తాగకురా బాబో!" అని అరిచింది. డైరెక్టరు గానీ ఆ రోజు హాల్లో ఉండుంటే సన్యాసం పుచ్చుకునేవాడు.

"బాయ్, నీకు దండం పెడతాను, సెప్పకు" అని చెవులు మూసుకుని గేటు దాటేవాళ్లూ ఉండేవారు. జలీల్ వాళ్లకి చేతి సైగలతో చెప్పేవాడు.

ఈ పాపంలో సగం వాటా ప్రొజెక్టర్ నడిపే ఎల్లారావుది. ఫిల్ము పెట్టె గురువారమే వచ్చేది. ఎల్లారావు ఒకసారి వేసి చూసుకునేవాడు. ఆ సాయంత్రమే జలీల్ రెండు టీలు పట్టుకుని మెట్లెక్కి, కథంతా కక్కించేవాడు. ఎల్లారావు ఉత్త పిరికివాడు. యజమాని భీమశంకరరావు దగ్గితే చాలు, చేతిలో రీలు జారిపోయేది.

తొంభై ఎనిమిది నవంబరులో 'ఏడు ముత్యాల వీరుడు' వచ్చింది. వీడియో గేములోంచి తీసిన ఇంగ్లీషు సినిమాకి తెలుగు మాటలు. సొరచేప తలల రాక్షసులు, మాట్లాడే తిమింగలం, ఏడు సముద్రాలు దాటే హీరో. ముగింపు ఎవరికీ చెప్పవద్దని పోస్టరు మీదే అచ్చేశారు.

భీమశంకరరావు గేటు దగ్గరికొచ్చి వేలు చూపించాడు. "జలీలూ, ఈసారి నీ నోట్లోంచి ఒక్క ముక్క బయటికొచ్చిందా, రేపట్నుంచి నువ్వు గేటుకి అవతలే. పాతికేళ్లని కూడా చూడను."

జలీల్ నవ్వాడు. చెప్పడానికి అతనికి మాత్రం ఏం తెలుసు? వానలకి రైళ్లు ఆలస్యమై, పెట్టె శుక్రవారం మ్యాటినీ వేళకి గానీ చేరలేదు. కానీ జలీల్ మాత్రం ఊరికే ఉంటాడా? రైళ్ల సంగతి తెలిసిన రోజు నుంచీ, మార్కెట్ పక్క వీడియో గేముల కొట్లో స్కూలు పిల్లల మధ్య కళ్లజోడు పెట్టుకుని నాలుగు రోజులు ఆ గేము ముందే కూర్చున్నాడు. రాక్షసుల చేతిలో యాభైసార్లు చచ్చి, చివరికి హీరోని ఒడ్డుకి చేర్చాడు.

మ్యాటినీకి గంట కొట్టారు. ఎల్లారావు కేబిన్ మెట్ల మీద నిలబడి చూస్తున్నాడు. వరసలో చేపలమ్మే నూకాలు వచ్చింది. తలకి నూనె లేదు, కళ్లు వాచిపోయి ఉన్నాయి. ఆమె మొగుడు అప్పలరాజు బోటెక్కి వెళ్లి అప్పటికి ఆరు రోజులు. సముద్రంలో వాయుగుండం. పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఇంకా దించలేదు. మిగతా బోట్లన్నీ వచ్చేశాయి.

"ఇంటికాడ అందరూ నా మొకమే సూత్తన్నారు బాయ్" అంది నూకాలు. "కాసేపు సీకట్లో కూకుంతాను." అంటూనే గోడ మీది పోస్టరు వైపు చూసింది. పెద్ద కెరటం, విరిగిన ఓడ, నీళ్లలో హీరో చెయ్యి. "ఈడు ములిగిపోతాడా బాయ్?"

జలీల్ పక్కనే భీమశంకరరావు నిలబడి ఉన్నాడు. గట్టిగా దగ్గాడు. మెట్ల మీద ఎల్లారావు రెండు చేతులూ జోడించాడు. 'ఒరే బావా, ఈ ఒక్కసారికి నోరు మూసుకో' అని లోలోపల మొక్కుకున్నాడు.

జలీల్ టికెట్ చించాడు. "ములిగినా తేల్తాడు సెల్లీ. ఒడ్డుకొత్తాడు. నా మాట నమ్ము."

"అయిపోయింది. ఇదే నీ ఆఖరాట!" అన్నాడు భీమశంకరరావు.

ఎల్లారావుకి ఏడుపొచ్చినంత పనైంది. కేబిన్లోకి వెళ్లి, జలీల్ మాట నిజమో కాదో చూద్దామని ఆఖరి రీలు విప్పి దీపానికి అడ్డంగా పెట్టి చూశాడు. చూసి కొయ్యబారిపోయాడు. ముందు రీలు చివరికే హీరో ఒడ్డుకి వచ్చేస్తాడు, నిజమే. ఈ రీల్లో వెనక నుంచి రాక్షసుడు పొడుస్తాడు. శవాన్ని తెప్ప మీద పెట్టి సముద్రంలోకి తోసేస్తారు. పెళ్లాం ఒడ్డున నిలబడి చూస్తుంది.

ఇంటర్వెల్లో కబురు పెడితే జలీల్ రెండేసి మెట్లు ఎక్కొచ్చాడు.

"గేములో అలా నేదు!" అన్నాడు.

"గేములో నేదు గానీ సినిమాలో ఉంది బావా! ఇప్పుడేటి సేత్తాం?"

"ఆ రీలు ఎయ్యకు."

"నీకు పిచ్చా? నీ ఉద్యోగం ఎలాగూ పోయింది, నాది కూడా పీకించీస్తావా? అసలెందుకు బావా నీకు ఈ సెప్పే రోగం?"

జలీల్ గోడ కన్నంలోంచి హాల్లోకి చూపించాడు. "ఆ ఆడోళ్లని సూడు. సగం మంది మగోళ్లు నీళ్ల మీద బతికేవోళ్లే. ఇంటికాడ ఎలాగూ భయమే. ఇక్కడైనా ముందే తెలిస్తే నిమ్మళంగా కూకుంటారని సెప్తాను. ఇంకేటి నేదు."

పాతికేళ్ల స్నేహంలో ఎల్లారావు ఈ ముక్క ఎప్పుడూ అడగలేదు. సిగ్గుపడ్డాడు. ఆఖరి రీలు డబ్బాలో పెట్టి మూత వేశాడు. జలీల్ దాని మీద కూర్చున్నాడు.

మరి సినిమా ముగిసిందని జనం ఎలా నమ్ముతారు? ఆటకి ముందు తెర మీద వేసే ప్రకటనల గాజు పలకలు వెతికితే చీరల కొట్టుది దొరికింది. 'శుభకార్యాలకు మా చీరలే' అని ఉంది. మొదటి రెండక్షరాలు వదిలి మిగతాదంతా బీడీకట్ట కాగితంతో మూశారు. ఎల్లారావు సిరాతో పక్కన సున్నా పెట్టాడు.

తెర మీద ఓడ విరిగింది. హీరో మునిగాడు. మూడో వరసలో నూకాలు కొంగు నోట్లో కుక్కుకుని ముందుకి వంగింది. నీళ్లు, నీళ్లు, మళ్లీ నీళ్లు. ఎల్లారావు చెమటలు తుడుచుకోవడం మానేశాడు. అప్పుడు కెరటం లోంచి ఒక చెయ్యి లేచింది. హీరో పాక్కుంటూ ఇసక మీదికి వచ్చాడు. పెళ్లాం పరిగెత్తుకొచ్చింది. రీలు అయిపోయింది.

శుభం.

పైకప్పు లేచిపోయేలా ఈలలు. నూకాలు కొంగుతో మొహం తుడుచుకుని, పక్కనున్న ఆవిడతో ఏదో చెబుతోంది.

తలుపు తోసుకుని భీమశంకరరావు వచ్చాడు. "ఆఖరి రీలేదిరా?"

"తెగిపోయింది సార్" అన్నాడు ఎల్లారావు. తన గొంతు వణకనందుకు తనే ఆశ్చర్యపోయాడు.

"ఎంత తెగింది?"

"మొత్తం సార్" అన్నాడు డబ్బా మీద కూర్చున్న జలీల్.

భీమశంకరరావు డబ్బా వైపు చూశాడు. కన్నంలోంచి జనం వైపు చూశాడు. ఈలలు ఇంకా ఆగలేదు. "సాయంత్రం ఆటకి అతుక్కుంటుందా?"

"అతుక్కోదు సార్."

"అతుక్కోకూడదు" అన్నాడాయన. గుమ్మం దాకా వెళ్లి, తల తిప్పకుండానే, "గేటు ఖాళీగా ఉంది, తగలడు. ఒడ్డుకొస్తాడని అందరికీ చెప్పు" అన్నాడు.

నాలుగో రోజు మ్యాటినీకి నూకాలు మొగుణ్ణి రెక్క పట్టుకుని మరీ తీసుకొచ్చింది. ఇంజను పాడై బోటు కాకినాడ దాకా కొట్టుకుపోయిందట. ఆట అయ్యాక అప్పలరాజు బుర్ర గోక్కుంటూ గేటు దగ్గర ఆగాడు.

"ఇదేటి బాయ్? కాకినాడలో మేస్త్రీ ఇంజను బాగు సేత్తంటే, ఊసుపోక ఇదే బొమ్మ సూసేను. అక్కడ ఈడు సచ్చిపోనాడే!"

నూకాలు నడుం మీద చెయ్యి పెట్టింది. "నానిక్కడ నీకోసం ఏడుత్తంటే, నువ్వక్కడ సినిమాలు సూత్తన్నావా?"

చేపల బుట్ట గాల్లోకి లేచింది. అప్పలరాజు వచ్చి జలీల్ వెనకాల దాక్కున్నాడు. జలీల్ కదల్లేదు. సాయంత్రం ఆట వరస మొదలైంది, టికెట్లు చించుతున్నాడు.

"అది కాకినాడ హాలు బావా" అన్నాడు. "మా హాల్లో ఎవులూ సావరు."