పన్నెండుకీ అయిదుకీ ఒకే కాపలా

తావ్‌యువాన్ నగరంలో, కంప్యూటర్లకు కరెంటు అందించే పవర్ సప్లైలు చేసే కర్మాగారంలో యొ యూ-చిన్ ఇరవై ఆరేళ్లుగా ఆఖరి పరీక్ష బల్ల దగ్గరే కూర్చుంటోంది. చదువు మధ్యలోనే ఆగిపోయిన మనిషి. అయినా ఆమె ముద్ర పడనిదే ఒక్క పెట్టె లారీ ఎక్కదు.

అక్కడే పనిచేసే తెంగ్ కాయ్-వెన్ రాత్రి బడిలో చదివి ఇంజనీరయ్యాడు. పెద్ద కాలేజీల్లో చదివినవాళ్ల డిజైన్లకి అయిదేళ్లు మెరుగులు దిద్దాక, మొదటిసారి ఒక పవర్ సప్లై అతని పేరు మీద తయారైంది. ఆ సరుకు శుక్రవారం బయలుదేరకపోతే మళ్లీ ఆ మెరుగులు దిద్దే మూలకే పోవాలి. గురువారం పొద్దున్నే పరీక్ష యంత్రం మీద కొబ్బరి చిరుతిండి పచ్చ పొట్లం కొత్తది తెచ్చి పెట్టాడు. యంత్రాలు బుద్ధిగా ఉండాలని అక్కడ అందరూ పెట్టేదే.

"పొట్లం బాగుంది. నీ సరుకే బాలేదు," అంది యూ-చిన్.

"అన్నీ పాసయ్యాయి కదక్కా."

"ఎంత కరెంటు బరువు పెడితే పాసయ్యాయి? ఈ పరీక్ష కాగితంలో అంకెలు నా పెళ్లినాటివి. అప్పటి కంప్యూటర్లు అయిదు వోల్టుల తీగ మీద బతికేవి. ఇప్పుడు తిండంతా పన్నెండు వోల్టుల తీగలోంచే లాగుతున్నాయి."

ఆమె పన్నెండు మీద బరువంతా పెట్టి, అయిదు మీద దాదాపు తీసేసింది. పన్నెండు కాస్తా పదకొండుంబావుకి జారింది. అయిదు అయిదుంబావు దాటి పైకి లేచింది. రెండూ హద్దు మీరాయి.

"ఖర్చు తగ్గుతుందని రెండింటి వోల్టులూ అదుపు చెయ్యడానికి ఒకే కాపలా సర్క్యూట్ పెట్టావు. వాడు రెండూ కలిపి చూసి, సరిపోయిందిలే అనుకుంటున్నాడు."

కాయ్-వెన్ చెవులు వేడెక్కాయి. "కాగితం ప్రకారం తప్పులేదుగా. ముద్ర వేసెయ్ అక్కా, ఎవరూ చూడరు."

"వోల్టులు ఎక్కువై కొన్నవాడి కంప్యూటర్ డిస్కు కాలిపోతే వాడు చూస్తాడు." ముద్ర సొరుగులో పడేసి తాళం వేసింది.

అయిదు వోల్టులకు సొంత కాపలాతో వేరే చిన్న బోర్డు పెట్టాలి. రెండు వారాల పని. సరుకు ఆగిందని తెలిసి, కో అనే మేనేజర్ ఇద్దరినీ పిలిచాడు.

"సరుకు ఆపిందెవరు?"

"ఇతనే సార్," అంది యూ-చిన్. "తన తప్పు తనే పట్టుకుని నా దగ్గరికి తెచ్చాడు."

ఆ కర్మాగారంలో అడగకుండా కాయ్-వెన్‌కి ఎవరూ ఏదీ ఇచ్చింది లేదు. ఊరుకుంటే ఉద్యోగం, పేరు రెండూ దక్కుతాయి.

"అక్క అబద్ధం చెబుతోంది సార్. ముద్ర వేసెయ్యమని నేనే అడిగాను. ఆపింది ఆమె."

కో రీడింగుల కాగితం తీసి చదివాడు. "రెండు వారాలు. మూడోది అడగొద్దు. మరి పరీక్ష కాగితంలో ఆ పాత అంకెలు మార్చేదెవరు?"

"అక్క చెబుతుంది. నేను రాస్తాను."

బయటికి రాగానే ఆమె గొణిగింది. "గాడిదా, నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేది?"

"నీకు రావాల్సిన పేరు పోయేదక్కా."

ఆమె అన్నం డబ్బా విప్పి, సోయాలో ఉడికిన గుడ్డు సగం అతని ముందుకు తోసింది. కృతజ్ఞత ఎలా చెప్పాలో అతను చదివిన ఏ పుస్తకమూ నేర్పలేదు. గుడ్డు తినేసి, తెల్లకాగితం ముందు పెట్టుకున్నాడు.

"చెప్పక్కా. మొదటి అంకె ఎంత?"