ఆమె గొంతున్న డిస్కు

వీధిలో అందరూ ఆయన్ని కంచాలాయన అనేవారు. సినిమాలుండే అంతంత లేజర్ డిస్కులు చంకన పెట్టుకుని తిరుగుతుంటే, విందుకు కంచాలు మోసుకుపోతున్నట్టే ఉండేది మరి. వీడియో షాపు మూతపడ్డాక ముందుగదిలోనే ప్లేయరూ రికార్డరూ పెట్టుకుని, జనం అటకల మీంచి దించి తెచ్చిన పాత డిస్కుల్ని డీవీడీల్లోకి ఎక్కించి ఇచ్చేవాడు. సినిమా ఎంతసేపుంటే అంతసేపూ కూర్చోవాలి, మధ్యలో లేచి డిస్కు తిరగెయ్యాలి. అడ్డదారి లేని పని.

ఒక్క విషయంలో మాత్రం ఆయన చాదస్తం భరించడం కష్టం. కొన్ని డిస్కుల్లో మాటలు రెండు ట్రాకుల్లో ఉంటాయి. ఒకటి సినిమా తీసిన భాషలో, రెండోది మన భాషలో. బటన్ నొక్కకపోతే ప్లేయరు మొదటిదే వినిపిస్తుంది. "బొమ్మ ఎక్కడికీ పోదయ్యా, ముందు చెవి పెట్టి వినాలి," అని వచ్చినవాళ్ళందరికీ అడక్కుండానే పాఠం చెప్పేవాడు.

పెళ్ళయిన కొత్తలో ఆయన భార్య డబ్బింగ్ చెప్పేది. గుంపులో కేకలూ, పక్కింటావిడ మాటలూ పోగా, ఒకే ఒక్క సినిమాలో కథానాయిక మాటలన్నీ ఆమెవే. ఇంట్లో సాధన చేస్తుంటే ఎదుటివాళ్ళ మాటలు ఈయన అందించేవాడు. విలన్‌గా ఈయన గర్జిస్తే ఆమె పడీ పడీ నవ్వేది. తర్వాత కూతురు పుట్టింది, స్టూడియోకి వెళ్ళడం మానేసింది.

చివరికి జబ్బు కూడా గొంతుకే వచ్చింది. ప్రాణం కంటే ముందు మాటను పట్టుకుపోయింది. ఏడాది పైగా ఆ ఇంట్లో సైగలే నడిచాయి. అలాంటప్పుడు ఒకరోజు ఆ సినిమా డిస్కు తీసి చూస్తే లోపలి పూత మచ్చలు పడుతోంది. ఇక ఆ డిస్కు ఎన్నాళ్ళో పలకదు. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు, అందులోని రెండో ట్రాకులో తప్ప.

ఊళ్ళోవాళ్ళ పనులన్నీ పక్కన పడేసి ఆ మధ్యాహ్నమే కూర్చున్నాడు. పక్కగదిలో ఆమెకి అప్పుడే కునుకు పట్టింది. నిద్ర చెడకూడదని టీవీ శబ్దం పూర్తిగా తీసేశాడు. తెర మీద కథానాయిక పెదవి కదిపినప్పుడల్లా ఆ మాటలు మనసులోనే వింటూ మురిసిపోయాడు, సగంలో డిస్కు తిరగేశాడు, పని ముగించాడు. బటన్ నొక్కడం మరిచిపోయాడు.

ఆమె లేచాక డీవీడీ చేతిలో పెట్టి, "నీకు కాస్త నయమయ్యాక కలిసి విందాం," అన్నాడు. ఆమె సరేనని తలూపింది. ఆ నయం రానే లేదు.

ఆమె పోయిన కొన్నాళ్ళకి కూతురు వచ్చి, "నాన్నా, ఒక్కసారి అమ్మ గొంతు వినిపించవూ," అంది. ధీమాగా డీవీడీ పెట్టాడు. కథానాయిక తలుపు తీసి నోరు విప్పింది. ఎవరో పరాయి మనిషి, పరాయి భాషలో మాట్లాడింది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది. ఆయన పరుగున వెళ్ళి డిస్కు తెచ్చి ప్లేయర్లో పెట్టి, రెండో ట్రాకు బటన్ నొక్కాడు. మచ్చలు డిస్కంతా పాకిపోయి ఉన్నాయి. గరగర తప్ప ఏమీ లేదు. తిరగేసి పెట్టినా అంతే. పిచ్చివాడిలా నొక్కుతూనే ఉన్నాడు.

"ఊరందరివీ భద్రంగా దాచిచ్చానే తల్లీ. మీ అమ్మ గొంతు నేనే పారేసుకున్నాను," అని భోరున ఏడ్చాడు.

కూతురికి కోపం వచ్చింది, ఆ ముఖం చూశాక నిలవలేదు. డీవీడీనే మళ్ళీ పెట్టి, శబ్దం తీసేసి, ఆయన పక్కన కూర్చుంది.

"మాటలన్నీ నీకొచ్చు కదా నాన్నా. ఇక్కడ అమ్మ ఏమంది?"

"'ఇప్పుడా రావడం? రా, కూర్చో' అంటుంది."

"అలా కాదు. అమ్మ అన్నట్టు అను."

ఆయన గొంతు సవరించుకుని సన్నగా అన్నాడు. కాదని తల అడ్డంగా ఊపి, నెమ్మదిగా ఇంకోసారి అన్నాడు. మూడోసారి మొదలుపెట్టి, మధ్యలోనే ఆపేశాడు.

"మాటలొస్తున్నాయే తల్లీ," అన్నాడు చివరికి. "మీ అమ్మ ఎలా అనేదో గుర్తు రావడం లేదు."