చార్టులో మాత్రమే ఎగిరే మూడు విమానాలు

హైదరాబాదు నుంచి తిరుపతికి విమానంలో గంటా పది నిమిషాలు. నాకు ఆరు గంటలు దాటింది. ఆ ఆలస్యానికి కారణం నేనే కాబట్టి ఎవరి మీదా ఫిర్యాదు లేకుండా ఈ ప్రయాణం గురించి రాయగలుగుతున్నాను.

నేను ఒక జాతీయ విమాన సంస్థలో పని చేస్తాను. పేరు రాయను. రాస్తే మీరు నవ్వుతారు, మావాళ్లు నవ్వరు. ఏ విమానం ఏ రోజు ఏ ఊరికి వెళ్లాలో చార్టు గీయడం నా ఉద్యోగం. పందొమ్మిదేళ్లుగా గీస్తున్నాను. మాకు పన్నెండు విమానాలున్నాయి. తొమ్మిది ఆకాశంలో ఎగురుతాయి, మూడు నా చార్టులో ఎగురుతాయి. ఆ మూడూ ఏడాదిన్నరగా హ్యాంగరులో నిలబడి ఉన్నాయి. మొదట ఇంజిన్లు పోయాయి. తర్వాత తిరిగే విమానాలకు ఏది అవసరమైనా వీటి నుంచే విప్పుకెళ్లడం మొదలైంది. చక్రాలు వెళ్లాయి, సీట్లు వెళ్లాయి, ఆఖరికి టాయిలెట్ తలుపు గడియ కూడా వెళ్లింది.

మరి అవి చార్టులో ఎందుకున్నాయంటే, మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. చార్టులో లేని విమానానికి ఇంజిను కావాలని అడగకూడదు. చార్టులో పెట్టి అడిగితే, ఎగురుతున్న విమానానికి మళ్లీ ఇంజిను దేనికని పైవాళ్లు రాస్తారు. ఈ రాతకోతల్లోనే మూడు టైంటేబుళ్లు గడిచిపోయాయి. మూడింటి కిందా నా సంతకం ఉంది. నాలుగోది, అంటే ఈ శీతాకాలానిది, సోమవారం పదకొండు గంటలకు అచ్చుకు వెళ్లాలి. ఈసారి సంతకం పెట్టడానికి చెయ్యి రాలేదు. పెట్టనని చెప్పడానికి నోరూ రాలేదు. మా జనరల్ మేనేజరు గారు నొప్పించే మనిషి కాదు. శుక్రవారం సెలవు పెట్టి తిరుపతి వెళ్లి దర్శనం చేసుకోండి, మనసు తేలికపడుతుంది, వచ్చి సంతకం పెడుదురుగాని అన్నారు. ఆ కొత్త చార్టునూ, ఇప్పుడు నడుస్తున్న పాత చార్టునూ సంచిలో పడేసుకుని బయల్దేరాను.

శుక్రవారం ఉదయం ఐదు యాభైకి విమానాశ్రయం చేరాను. నాది ఉద్యోగుల టికెట్టు. డబ్బిచ్చి కొన్నవాళ్లందరూ కూర్చున్నాక సీటు మిగిలితేనే నాకు. విమానం ఏడూ ఇరవైకి. ఏడయ్యేసరికి బోర్డు మీద అది ఎనిమిదిన్నర అయింది. అనుమానం వచ్చి పాత చార్టు తీసి చూశాను. ఆ రోజు తిరుపతికి నేను రాసిన విమానం హ్యాంగరులో ఉన్న మూడింటిలో రెండోది. పొద్దున విజయవాడకు వెళ్లిన చిన్న విమానం తిరిగొస్తే దాన్ని ఇటు పంపాలి, ఇంకో దారి లేదు. అది పదకొండు ముప్పావుకు ముందు రాదు.

నా పక్క కుర్చీలో తెల్ల చొక్కా వేసుకున్న పెద్దాయన కూర్చుని ఉన్నారు. పేరు మునిరత్నం. చిత్తూరు బస్ డిపోలో ముప్పై ఒక్క ఏళ్లు కంట్రోలరుగా చేసి రిటైరయ్యారట. ఏ బస్సు ఏ రూటుకు పోవాలో చెప్పడం, కిటికీ దగ్గర నిలబడ్డ జనానికి జవాబివ్వడం ఆయన పని. నా వృత్తికి వరసకు అన్నగారన్నమాట. నేనేం చేస్తానని ఆయన అడిగితే ఆఫీసు పని అని చెప్పి తప్పించుకున్నాను. హైదరాబాదులో ఉన్న ఆయన కూతురికి వచ్చే నెల కాన్పు. ఆయన భార్యకు మోకాళ్లు అరిగిపోయి బస్సులో పన్నెండు గంటలు కూర్చోలేరు. అందుకని కూతురు వాళ్లమ్మకు మా విమానంలోనే టికెట్టు తీసింది. వాళ్లమ్మ రాబోయే దారి ఎలా ఉంటుందో చూసి చెప్పమని, ఈయన్ని ముందుగా విమానంలో ఇంటికి పంపుతోంది.

ఎనిమిదిన్నరకు కౌంటరు దగ్గర గొడవ మొదలైంది. అక్కడున్న అమ్మాయి సాంకేతిక కారణాల వల్ల ఇంకో ఇరవై నిమిషాలు అని ఇంగ్లీషులో ఒకసారి, హిందీలో ఒకసారి చెప్పింది. మునిరత్నం గారు విని వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"బండి లేదని చెప్పేదానికి ఇన్ని మాటలు దేనికి సార్?"

నా నోరు ఊరుకోలేదు. పదకొండు ముప్పావు దాకా ఏమీ రాదు, పోయి టిఫిను చేద్దాం పదండి అన్నాను. ఆయన నన్ను ఒకసారి ఎగాదిగా చూసి లేచారు. విమానాశ్రయంలో ఇడ్లీ ఎంతో మీకు చెప్పి మీ ప్రయాణం పాడుచెయ్యను. ఇంట్లో తిని వెళ్లండి.

పదకొండూ యాభైకి రెక్కల కింద పంకాలున్న చిన్న విమానం వచ్చింది. అప్పటికి సగం మంది తిట్టుకుంటూ బస్సులకూ కార్లకూ వెళ్లిపోయారు కాబట్టి నాకు సీటు దొరికింది. మా సంస్థ ఆలస్యం నాకు చేసిన ఒకే ఒక్క మేలు ఇదే. పైకి లేచాక మునిరత్నం గారు కళ్లు మూసుకుని ఇంజిను చప్పుడు వింటూ కూర్చున్నారు. ఎడమ పక్కది కొంచెం మూలుగుతా ఉండాదని చెప్పారు. నేను సంచిని గట్టిగా పట్టుకున్నాను. ఒకటీ నలభైకి రేణిగుంటలో దిగాం. ఆదివారం చిత్తూరు వస్తే మా డిపో చూపిస్తానని నంబరు ఇచ్చి ఆయన బస్సు ఎక్కేశారు.

తిరుపతిలో బస్టాండు వెనక వీధిలో గది దొరికింది. వేడినీళ్లు ఐదు నుంచి ఏడు దాకా అని గోడ మీద రాసి ఉంది, సరిగ్గా ఐదుకు వచ్చాయి. వృత్తి దోషం, గడియారం చూసుకున్నాను. శనివారం కొండ మీద నా దర్శనం తొమ్మిదింటికి. లోపలికి వెళ్లి బయటికి వచ్చేసరికి ఒంటిగంట. స్వామిని మూడు ఇంజిన్లు అడుగుదామని లైన్లో నాలుగు గంటలు మనసులో సిద్ధం చేసుకున్నాను. తీరా ఎదురుగా నిలబడిన ఆ రెండు క్షణాల్లో అన్నీ మర్చిపోయి దండం పెట్టుకుని వచ్చేశాను. మనసు తేలికపడిన మాట నిజమే. గదికి వచ్చి సంచిలో చార్టు చూడగానే మళ్లీ బరువెక్కింది.

ఆదివారం ఎనిమిదీ పదికి చిత్తూరు బస్సు. ఎడమ పక్కన కూర్చుంటే ఎండ, కుడి పక్కన కూర్చోండి. చంద్రగిరి దగ్గర కోట ఉన్న కొండ కనిపించి, చూసేలోపే వెనక్కి పోయింది. నా పక్కన విరిగిన ఎడమ చేతికి పుత్తూరు నాటువైద్యుల కట్టు కట్టించుకున్న రైతు కూర్చున్నాడు. ట్రాక్టరు మీంచి పడ్డాడట. ఈ దారిలో మాటలు తొందరగా కలుస్తాయి. శుక్రవారం విమానం సంగతి చెబితే జాలిపడ్డాడు.

"ఆ ఇరిగిన విమానాన్ని గూడా పుత్తూరుకు తోలుకోని పోవాల్సింది సార్. మూడు కట్లకు లేసి నిలబడతాది."

ఆ మాట మా ఇంజినీరింగు విభాగానికి రాద్దామనుకున్నాను. నిజంగానే పంపుతారేమోనని మానుకున్నాను.

తొమ్మిదీ యాభైకి చిత్తూరులో దిగాను. మునిరత్నం గారు బస్టాండులోనే ఎదురొచ్చి నేరుగా డిపోకు తీసుకెళ్లారు. రిటైరై నాలుగేళ్లయినా గేటు దగ్గర అందరూ ఆయనకు దారి ఇచ్చారు. లోపల గోడకు పెద్ద నల్లబోర్డు ఉంది. మూడు గడులు. రోడ్డు మీద ఉన్న బండ్లు ఒకదాంట్లో, షెడ్డులో పడుకున్నవి ఒకదాంట్లో, ఏ రూటూ ఇవ్వకుండా ఊరికే నిలబెట్టిన బండి ఒకటి మూడోదాంట్లో. దారిలో ఏది ఆగిపోయినా ఈ మూడో గడిలోది వెళ్తుంది. కంప్యూటరు వచ్చినా సుద్దముక్కను మాత్రం వదల్లేదట. మా చార్టులో ఖాళీగా ఉన్న విమానం కనబడితే పైనుంచి నోటీసు వస్తుంది. ఆ బోర్డు ముందు నేను ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

అప్పుడు ఆయన తన సంగతి ఒకటి చెప్పారు. ఒకసారి పెద్ద ఆఫీసు నుంచి తనిఖీకి వస్తున్నారని, షెడ్డులో ఉన్న బండ్లను ఆ ఒక్కరోజు రోడ్డు గడిలో రాయమని అప్పటి మేనేజరు చెప్పాడట. ఈయన రాశారు. అందులో పొద్దున ఆరింటి వేలూరు బస్సు ఒకటి. జ్వరంతో ఉన్న బిడ్డను వేలూరు ఆసుపత్రికి తీసుకెళ్లాలని ఎత్తుకుని ఒకామె వచ్చి కిటికీ దగ్గర అడిగింది. బోర్డు మీద ఉంది కాబట్టి వస్తుందని ఈయన చెప్పారు. పది దాకా అలాగే చెప్పారు.

"బిడ్డకు ఏమీ కాలేదులే సార్, బాగైపోయినాది. కానీ ఆయమ్మ నాలుగు గంటలు నా ముందర నిలబడింది. ఒక్క మాట అన్లేదు. నమ్మింది. రాదని చెప్పుంటే ఇంకో దారి సూసుకోని పొయ్యుండును. వస్తాది అన్నందుకే ఈడ నిలబడిపోయింది."

ఇక దాచి లాభం లేదనిపించింది. నేనెవరో, సంచిలో ఏముందో, రేపు పదకొండు గంటలకు ఏం జరగాలో అంతా చెప్పేశాను. ఆయన ఆశ్చర్యపోలేదు. శుక్రవారం విమానాశ్రయంలో బోర్డు కన్నా ముందు మీరే టైము చెప్పినారు, అప్పుడే తెలుసు అన్నారు. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మధ్యాహ్నం వాళ్లింట్లో రాగిసంగటి, వేరుశెనగ ఊరిబిండి పచ్చడి, మజ్జిగ. ఆయన భార్య రుక్మిణమ్మ గారు గోడ పట్టుకుని నడుస్తూనే మూడుసార్లు వడ్డించారు. విమానంలో చెవులు గుయ్యిమంటాయా, నడిచే దూరం ఎంత అని నన్నే అడిగారు. విమానాల ఆఫీసు మనిషి ఇంటికొచ్చాడని ఆవిడకు సంబరం. ఆవిడ లోపలికి వెళ్లాక మునిరత్నం గారు గొంతు తగ్గించారు.

"ఆ మూడూ తీసేస్తే మా తిరుపతి విమానం ఉంటాదా సార్?"

"ఉండదు. మొట్టమొదట పోయేది అదే."

ఆయన నాకు చెయ్యి కడుక్కోవడానికి నీళ్లు తెచ్చి ఇచ్చారు. బస్టాండు దాకా వచ్చి, నేను ఒంటిగంటన్నర బస్సు ఎక్కేవరకు నిలబడ్డారు. లేని విమానాన్ని కొట్టేయమంటున్నది ఆయన డిపో బోర్డే, దాంతో నష్టపోయేది ఆయన ఇంట్లో మనిషే. దారంతా నాకు కోపంగా ఉంది, ఎవరి మీదో తెలియదు.

నా తిరుగు ప్రయాణం ఆదివారం సాయంత్రం విమానంలో అని కాగితం మీద ఉంది. అది హ్యాంగరులోని మూడో విమానం. మా ఆవిడ శనివారమే ఇంటి నుంచి తత్కాల్‌లో రైలు టికెట్టు తీసి పంపింది. మా ఇంట్లో నా టైంటేబుల్‌ను ఎవరూ నమ్మరు. ఐదింటికి తిరుపతిలో రైలెక్కాను. ఎదురు సీటులో దంపతులు బెర్తు మీద వార్తాపత్రిక పరిచి లడ్డూలు లెక్కపెట్టుకుంటున్నారు. నేను కొత్త చార్టు తీసి ఒళ్లో పెట్టుకుని, పెన్ను మూత తీయడం, పెట్టడం చేస్తున్నాను. ఈ ఒక్కసారికి పెట్టేస్తే ఏమవుతుంది, రుక్మిణమ్మ గారి ప్రయాణం అయ్యేదాకా తిరుపతిని ఉంచితే సరిపోదా అని కూడా అనుకున్నాను. అలా ఉంచితే ఆవిడ వచ్చే నెల పొద్దున్నే ఆ మోకాళ్లతో రేణిగుంట వచ్చి కూర్చుంటుంది. వస్తుందని ఎవరో చెబుతూనే ఉంటారు.

కోడూరు దాటాక ఫోను మోగింది. మునిరత్నం గారు.

"సార్, ఇంటామె విమానం టికెట్టు రద్దు చేసేసినా. రైలుకు సూస్తే కింది బెర్తు దొరికింది. పడుకోనే పోవచ్చు. ఇంకో వారం పోయింటే పైది గూడా దొరికేది కాదంట."

నేను కంగారుపడ్డాను. ఇంకా ఏదీ తేల్చుకోలేదని, సంతకం సంగతి రేపు గానీ తెలియదని చెప్పాను.

"రాదని మీరే కదా సార్ చెప్పినారు," అని ఆయన ఫోను పెట్టేశారు.

పందొమ్మిదేళ్లలో నా మాట నమ్మి ఒక మనిషి హాయిగా ప్రయాణం చెయ్యబోవడం నాకు తెలిసి ఇదే మొదలు. అదీ విమానం రాదని చెప్పినందుకు. నవ్వొచ్చింది, వెంటనే సిగ్గూ వేసింది. లడ్డూల దంపతులు నన్ను చూసి, ఒక లడ్డూ చేతిలో పెట్టారు. అది తిని, చెయ్యి తుడుచుకుని, మూడు విమానాలనూ చార్టులో కొట్టేశాను. రైలు ఊగడం వల్ల గీతలు వంకరగా వచ్చాయి. అయినా ఏం కొట్టేశానో కనిపిస్తోంది. సోమవారం పదకొండింటికి జనరల్ మేనేజరు గారి బల్ల మీద ఈ కాగితమే పెడతాను. తర్వాత నన్ను ఏ గడిలో రాస్తారో వాళ్ల ఇష్టం.

ఇది చదివి బయల్దేరాలనుకునేవాళ్లకు చెప్పేది ఒకటే. ఈ శీతాకాలం హైదరాబాదు నుంచి తిరుపతికి మా విమానం లేదు. రైల్లో కింది బెర్తు కావాలంటే నెల ముందే చూసుకోండి.