పత్తిగింజలు వేసిన గుంతలు

ఆదోనిలో నేను గుమాస్తాగా పని చేసిన, గింజ నుంచి దూది వేరు చేసే పత్తి జిన్నులో ఆషాఢం అంటే ఖాళీ నెల. సీజను అయిపోయి మిషన్లు మూతబడి ఉండేవి. మేం కాటా దగ్గర కూచుని బీడీలు కాలుస్తూ, ఒకరినొకరం ఆటపట్టించుకుంటూ పొద్దుపుచ్చేవాళ్లం. డెబ్బైల చివర్లో అలాంటి ఒక ఆషాఢంలో, వనమహోత్సవానికి మొక్కలు ఉచితంగా ఇస్తున్నారని తెలిసి, ఎమ్మిగనూరు రోడ్డు పక్కన చెట్లు నాటుదామని పన్నెండు మందిమి బయలుదేరాం. ఆ మాట మొదట అన్నది చాచా.

చాచా మా జిన్నులో దూది బేళ్లు కట్టే ప్రెస్సు మీద పని చేసే పెద్దాయన. ఆయన భార్య పుట్టిల్లు ఆ రోడ్డుకు లోపలగా ఉన్న ఒక పల్లె. అంతకు ముందు ఎండాకాలం ఆమె పుట్టింటి నుంచి తిరిగొస్తూ మైలురాయి దగ్గర బస్సు కోసం నిలబడింది. రెండు బస్సులు నిండుగా ఉండి ఆపకుండా పోయాయి. మూడోది వచ్చేసరికి ఆమె కింద పడి ఉంది. ఆసుపత్రికి చేరేలోపే వడదెబ్బకు ప్రాణం పోయింది. ఆ నల్లరేగడి నేలలో కనుచూపు మేరా చేలే తప్ప ఒక్క చెట్టు లేదు. ఇప్పుడు కూతుర్ని కూడా ఆ ఊరికే, మేనమామ కొడుక్కే ఇస్తున్నారు.

"నా బిడ్డ గూడా ఆ రాయి కాడనే బస్సుకు నిలబడాలప్పా," అన్నాడు చాచా నాతో. "ఆడ ఒక్క చెట్టు బతికితే సాలు."

"నాలుగేండ్లల్లో నీడ వస్తాది చాచా. నాది పూచీ," అన్నాను. అంత తేలిగ్గా పూచీ పడ్డాను. నోటికి పని చెప్పడం తప్ప నాకు అప్పట్లో వేరే విద్య లేదు.

పది పాసైనవాణ్ణి మా పన్నెండు మందిలో నేనొక్కణ్ణే. అందుకని తెలివి చూపించకపోతే ఊరుకునేవాణ్ణి కాదు. కానుగ ఆకును పశువు ముట్టదు కాబట్టి కానుగ మొక్కలే తెద్దామన్నాను. అంతవరకు బాగానే ఉంది. జిన్నులో నేల ఊడ్చినప్పుడు పోగయ్యే గింజలు, దూది పీచు మూలన కుప్పగా పడి ఉండేవి. గింజ కుళ్లి ఎరువవుతుంది, దూది నీళ్లు పట్టి ఉంచుతుంది, అన్ని గుంతల్లో అదే వేద్దామన్నాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు. బస్తాలు బండికెత్తుకుని ఆదివారం పొద్దున్నే వెళ్లాం. దారి పొడుగునా బండెద్దులు ఆ బస్తాల వైపు మెడలు తిప్పుతూనే ఉన్నాయి. మేం వాటిని కసురుకుంటూ పోయాం.

ఇరవై గుంతలు తవ్వాం. మైలురాయి పక్క గుంతను చాచా ఎవరినీ ముట్టనివ్వలేదు. తానే తవ్వి, తానే మొక్క పెట్టి, నీళ్లు తేవడానికి బావి దగ్గరికి వెళ్లాడు. ఆయన అటు పోగానే, పాపం ఆయన చెట్టు అందరి చెట్లకన్నా ముందు ఎదగాలని, ఆ మొక్క మొదట్లో ఇంకో రెండు దోసిళ్లు గింజలు కుక్కి మన్ను కప్పాను. ప్రేమతోనే చేశాను. ఇప్పుడు ఆ ప్రేమను తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

రోజు విడిచి రోజు వంతులేసుకుని నీళ్లు పోశాం. పదిహేనో రోజు చాచాదీ నాదీ వంతు. వెళ్లి చూస్తే ఒక్క మొక్క నిలబడి లేదు. గుంతలన్నీ పెళ్లగించి ఉన్నాయి. మొక్కలు వేళ్లతో సహా రోడ్డు మీద పడి ఎండిపోయాయి. ఆకు అలాగే ఉంది, ఏ పశువూ కొరకలేదు. నాకు ఒళ్లు మండింది. గేదెలను, మా వైపు మాటలో ఎనుములను, తోలుకుపోతున్న ఒకామెను పట్టుకుని మీ ఊరోళ్లకు బుద్ధుందా అని అరిచాను. ఆమె గుంతలోకి ఒకసారి వంగి చూసింది.

"నానిన పత్తిగింజలు ఈడ పోసి పెడితే ఎనుములు రాకుండా యాడికి పోతాయప్పా?" అంది. "ఇంట్లో గాడిలో మేము పెట్టేది అదే గదా."

మా ఇంట్లో ఎనుముకు కూడా మా అమ్మ రోజూ పొద్దున నానిన పత్తిగింజలే పెట్టేది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. గింజలు పోసి, పదిహేను రోజులు నీళ్లు పోసి నానబెట్టి, రోడ్డు పొడుగునా ఇరవై మేత గాడులు కట్టింది మేమే.

చాచా మైలురాయి దగ్గరి గుంత ముందు కూచున్నాడు. అన్నిటికన్నా అదే లోతుగా తవ్వి ఉంది. "దీన్నే ఇంతగా ఎందుకు తవ్వినాయప్పా?" అని నన్ను అడిగాడు. నేను తెలీదన్నాను.

మళ్లీ నాటుదామని అందరూ అన్నారు. ఇచ్చేచోట అడిగితే మొక్కలు అయిపోయాయన్నారు. అంతలో సీజను వచ్చింది, జిన్ను తిరగడం మొదలైంది, ఎవరి పని వాళ్లది. చాచా ఇంకోసారి అడగలేదు. ఆ మాఘంలో కూతురి నికా చేశాడు. నేను వెళ్లి కడుపు నిండా బిర్యానీ తిని వచ్చాను. ఆ మరుసటేడు నాకు ఎమ్మిగనూరులో ఉద్యోగం దొరికింది.

ఎనభైల్లో ఒక ఎండాకాలం, మధ్యాహ్నం మూడు దాటాక, ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సులో పోతున్నాను. బస్సు కిక్కిరిసి ఉంది. మైలురాయి దూరం నుంచే కనబడింది. దాని పక్కన తలమీద తుండుగుడ్డ వేసుకుని చాచా నిలబడి ఉన్నాడు. బస్సు కోసం రోడ్డు వైపు తిరగాల్సిన మనిషి, ఎండకు వీపు పెట్టి చేతులు రెండూ చాపి ఉన్నాడు. ఎందుకో దగ్గరికి వచ్చాక తెలిసింది. ఆయన నీడలో, రాయికి ఆనుకుని, కాళ్లు ముడుచుకుని కూతురు కూచుని ఉంది. నిండు చూలాలు.

చాచా ఒక చెయ్యి పైకెత్తాడు. డ్రైవరు ఆపలేదు. నేను లేచి "ఆపప్పా" అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆపితే ఆయన ఎక్కుతాడు, నా పక్కనే నిలబడతాడు, నా ముఖం చూస్తాడు. నేను తల రెండో వైపు తిప్పుకుని కూచున్నాను.