దుర్గ కూతురికి మాటొచ్చింది

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది. ఏలూరులో నేను స్పీచ్ థెరపీ సెంటర్ పెట్టి అప్పటికి చాలా కాలమే అయింది. మా ఇంట్లో నన్ను వసపిట్ట అంటారు, ఈ పనికి కావలసింది ఆ లక్షణమే. పుట్టుచెవుడు ఉన్న పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ అనే పరికరాన్ని ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమరుస్తారు. చెవి వెనక తగిలించే ప్రాసెసర్ దానికి శబ్దాన్ని అందిస్తుంది. అది ఆన్ చేయగానే పిల్ల గడగడా మాట్లాడేస్తుందని చుట్టాలంతా సెల్‌ఫోన్లు పట్టుకుని వీడియోకి సిద్ధమైపోతారు. నాకు ఒళ్లు మండుతుంది. పొద్దస్తమానం ఎవరో ఒకరు పిల్లకు కబుర్లు చెబుతూనే ఉండాలి. అలా నెలల తరబడి విన్నాక గానీ మాట రాదు.

ఆపరేషన్ అయ్యాక నవ్యను నా దగ్గరకు తెచ్చినప్పుడు దానికి మూడేళ్లు. తల్లి దుర్గకూ పుట్టుచెవుడే, మాట రాదు. తండ్రి ముదినేపల్లి అవతల రొయ్యల చెరువుకు కాపలా. గట్టు మీదే కాపురం, ఎప్పుడూ నీళ్లు చిలికే ఏరేటర్ల రొద. మనిషి పగలంతా మేత చూసుకుంటూ గట్లమ్మట తిరుగుతాడు. ఇంట్లో తల్లీకూతుళ్లు చేతులతోనే చెప్పుకునేవారు. అరచెయ్యి అటూ ఇటూ ఆడిస్తే చేప అన్నమాట. దుర్గ సైగలు నాకు విడమరిచి చెప్పింది ఆమె అక్క లక్ష్మి. ఆమెది తాడేపల్లిగూడెం, ఇద్దరు మగపిల్లలు.

"పిల్లని నా దగ్గర వదిలేస్తానంటోందండి," అంది లక్ష్మి మొదటి రోజే. "మా ఇంట్లో లేచింది మొదలు గోలేనండి. నాలుగు మాటలు చెవిన పడతాయంటోంది."

"మంచిదేనమ్మా. కానీ సెలవు రోజుల్లో తల్లి దగ్గరకు పంపండి, సైగలు మాన్పించకండి. చేతులతో చెప్పుకున్నంత మాత్రాన నోటి మాట ఆగిపోదు," అన్నాను.

లక్ష్మి ఆ మాట చేతులతో చెప్పింది. దుర్గ తల అడ్డంగా ఊపి, చాలాసేపు ఏదో చెప్పి, చేతులు రెండూ కొంగులో చుట్టేసుకుంది.

"తన చేతులు చూస్తే పిల్ల నోరు తెరవదంటోందండి. మా ఊళ్లో దీన్ని మూగది అనే పిలుస్తారండి, పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. పిల్లకి ఆ పిలుపు వద్దంటోంది. మీరెంత చెప్పినా వినదండి, మొండిది."

నిజంగానే వినలేదు, పిల్లను అక్క దగ్గర వదిలేసింది. ప్రతి థెరపీకీ లక్ష్మి పిల్లను తెచ్చేది, దుర్గ చెరువు దగ్గర్నుంచి బస్సెక్కి వచ్చేది. గది మూల కుర్చీలో, చేతులు కొంగు కింద దాచుకుని కూర్చునేది. మొదట్లో నవ్య పరిగెత్తుకెళ్లి ఆమె ముందు చేప ఆడించేది. దుర్గ నవ్వేది, వంగి ముద్దు పెట్టుకునేది, చేతులు మాత్రం బయటికి తీసేది కాదు. కొన్నాళ్లకు పిల్ల చెయ్యి ఆడించడం మానేసింది. అప్పుడు నాకు దుర్గ మీద కోపం వచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

ఒకరోజు బొమ్మల డబ్బాకు మూత గట్టిగా బిగించి నవ్యకిచ్చాను. ఇది మా పద్ధతి. పిల్లకు అవసరం కల్పించి, నోరు విప్పి అడిగేదాకా ఊరుకుంటాం. నవ్య కాసేపు ఆ మూతతో కుస్తీ పట్టింది. తర్వాత తలెత్తి, "అమ్మా, తియ్యి," అంది.

దుర్గకు పెదాల కదలిక తెలుసు. చటుక్కున లేచి రెండు చేతులూ చాపింది. నవ్య ఆమెను దాటుకుని వెళ్లి డబ్బా లక్ష్మి ఒళ్లో పెట్టింది.

లక్ష్మి ముఖం పాలిపోయింది. "నేను నేర్పలేదండీ! పెద్దమ్మ అనే చెబుతున్నానండి. మా పిల్లలు నన్ను పిలుస్తుంటే విని..." అంటూ ఏడ్చేసింది.

దుర్గ వచ్చి అక్క కళ్లు తుడిచింది. నా వైపు తిరిగి, తన గొంతు మీద వేళ్లు ఆనించి ఏదో అడిగింది.

"స్పష్టంగా అందా అని అడుగుతోందండి," అంది లక్ష్మి వెక్కుతూ.

"చాలా స్పష్టంగా అందమ్మా," అన్నాను.

అక్క చేతుల్లో ఆ జవాబు చూసి దుర్గ నవ్వింది. వెళ్లి మళ్లీ తన కుర్చీలో కూర్చుంది.

మాట ఎప్పుడొస్తుందండీ అని తల్లిదండ్రులు అడిగితే, ఆ మాట ఎవరితో చెప్పుకుంటుందని ఇప్పుడు నేను ఎదురడుగుతున్నాను. చెవుడున్న తల్లి వస్తే, పిల్లతో సైగలు మాననని ఒప్పుకున్నాకే థెరపీ మొదలుపెడుతున్నాను. దుర్గ దగ్గర నేర్చుకున్నది ఇదే, దుర్గకు మాత్రం పనికిరాలేదు. నవ్య లక్ష్మి దగ్గరే ఉండి తాడేపల్లిగూడెంలో బడికి వెళ్తోంది. సెలవులకు చెరువు గట్టుకు వెళ్తే నోరు మూతపడదట. తల్లికేమైనా చెప్పాలంటే మాత్రం గట్టు చివరిదాకా పరిగెత్తుకెళ్లి తండ్రిని లాక్కొస్తుందట, "నాన్నా, అమ్మకి చెప్పవా" అని.