కాలువ గట్టున దొరికిన వాచీ

ఈ చేతివేళ్లతోనే బతుకుతున్నాను. వీటి మీద ఒట్టు... ఇది జరిగింది.

నంద్యాలలో నాది చిన్న వాచీ రిపేరు అంగడి. చావీ ఇచ్చే పాత వాచీ ఏదైనా సరే, ఏ కాలందో చూడగానే చెబుతానని పేరు. ఆ పేరే నన్ను చెడగొట్టింది.

రెండేళ్ల కిందట ఆళ్లగడ్డ నుంచి ఓబులేసు వచ్చాడు. విగ్రహాలు చెక్కే మనిషి. వాళ్ల నాయన కనిపించకుండా పోయి అప్పటికి ఆరు నెలలు. కాలువ గట్టున బురదలో ఎవరికో దొరికిన వాచీ ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు.

"మా నాయన నీ దగ్గరే బాగుచేయించుకునేటోడు గదన్నా. ఇది ఆయనదేనా? అవునంటే కర్మ చేసుకుంటాం. మాయమ్మ పొద్దుగూకితే వాకిట్లోనే కూర్చుంటాంది."

వెనక మూత తీసి చూడాలి. బాగుచేసిన ప్రతిసారీ మేం లోపల సూదితో నెల, సంవత్సరం గీస్తాం. కానీ మూత తుప్పుతో బిగుసుకుపోయింది. అంగడి నిండా జనం. డయల్ చూసి తేల్చేశాను.

"మీ నాయనది పాతకాలందప్పా. ఈ డయల్ నిన్నమొన్నటిది. కాదు, పో."

"అట్లయితే బతికే ఉండాడన్నా!"

నవ్వుకుంటూ వెళ్లాడు. తమది కాని వాచీ ఇంటికెందుకని నా దగ్గరే వదిలేశాడు.

మొన్న వానకు కరెంటు పోయిన రాత్రి... అంగడిలో ఒక్కణ్ణే. సొరుగులోంచి... టిక్... టిక్...

లాగాను. అదే వాచీ. చెవికి ఆనించాను. ఆడుతోంది... నెమ్మదిగా... అలిసిన మనిషి నడిచినట్టు. మూత తిప్పాను. ఈసారి సులువుగా వచ్చేసింది.

శబ్దం ఆగింది.

టార్చి వేశాను. ఎండిన బురద. తెగిన స్ప్రింగు. చక్రాలన్నీ తుప్పుతో అతుక్కుపోయాయి. ఆడే వాచీ కాదది. మూత లోపల గీతలు... నా చేతిరాతే. నెల, సంవత్సరం. కింద 'కొత్త డయల్'.

ఓబులేసు నాయన వాచీకి ఆ డయల్ వేసింది నేనే. మరిచిపోయిందీ నేనే.

తెల్లారి మొదటి బస్సుకు ఆళ్లగడ్డ వెళ్లాను. ఓబులేసు ఉలి పక్కన పెట్టి గీతలు చూశాడు. మూత బిగించి వాచీ మళ్లీ నా చేతిలో పెట్టాడు.

"ఇప్పుడు చెప్పద్దన్నా. నీ మాట పట్టుకునే బతుకుతాంది మాయమ్మ."

అంతలో వాళ్లమ్మే బయటికొచ్చింది. "ఏందప్పా గడియారాలాయనా, దోవ తప్పి వచ్చినావా? మా ఇంటాయన సంగతేమన్నా తెలిసిందా?"

జేబులో వాచీని గట్టిగా పట్టుకున్నాను.

"లేదమ్మా."

"తెలుస్తాదిలే. కూర్చో, కాఫీ తాగిపో."

తాగి వచ్చేశాను. ఆ రాత్రి ఆడిందేమిటో నాకిప్పటికీ తెలియదు. వాన చినుకేమో... నా చెవులేమో... ఆయనకు కర్మ మాత్రం ఇంకా జరగలేదు.