సుబ్బరత్నం చెప్పని పేరు

పరిశోధన చేసే పిల్లలంటే నాకు ముందు చిరాకు, తరవాతే జాలి. యూనివర్సిటీ లైబ్రరీలో ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్నాను. ఫోనులో దొరికింది దించేసి, చివరి రోజున వచ్చి, "మేడమ్, దీనికి ఏదైనా ఆధారం చూపించండి" అంటారు. ఇల్లు కట్టేశాక పునాది అడిగినట్టు. బాపట్ల నుంచి వచ్చిన శ్రావణి అలాంటిది కాదు.

"మా సారు నా పేపర్లో ఒక పేరాకి ఇంటూ కొట్టేశారండి. ఆధారం లేదన్నారు."

డెబ్బై ఏడు ఉప్పెనలో తుడిచిపెట్టుకుపోయిన ఒక పల్లెపాలెం గురించిన పేరా అది. నిజాంపట్నంలో చేపలు ఎండబెట్టుకుని బతికే సుబ్బరత్నం చెప్పగా రాసుకుంది. అక్కడ పోయినవాళ్ళు పంతొమ్మిది మందని అప్పటి ప్రభుత్వ నివేదికలో పేర్లతో సహా అచ్చయి ఉంది. సుబ్బరత్నం ఇరవై అంది. ఆ ఇరవయ్యోవాడు ఆమె భర్త.

"పేరు అడగలేదా?"

"అడిగానండి. చెప్పదు. భర్త పేరు నోటితో అనకూడదంట."

ఆ పట్టింపు నాకు తెలుసు. మా అమ్మమ్మ కూడా తాతయ్య పేరు అనేది కాదు. అవసరమైతే పక్కనున్నవాళ్ళు అంటారు, భార్య తలూపుతుంది. సుబ్బరత్నానికి ఆ పక్కనున్నవాళ్ళే లేకుండా పోయారు. ఉప్పెన తరవాత రేపల్లె సహాయ శిబిరంలో పోయినవాళ్ళ జాబితా రాసుకునే మనిషి అడిగిన రోజున అత్త లేదు, తోడికోడలు లేదు, చుట్టుపక్కల గుడిసెల వాళ్ళు లేరు. పదిహేడేళ్ళ పిల్ల తల వంచుకుని నిలబడింది. అతను కాసేపు చూసి తరవాతి మనిషిని పిలిచాడు. పుట్టింటికి తీసుకుపోయిన అన్న ఆమె కార్డులన్నింట్లో తండ్రి పేరే రాయించాడు. ఇప్పుడు ఆ అన్నా లేడు, పాలెంలో బతికి బయటపడ్డవాళ్ళు ఎటు చెదిరిపోయారో తెలీదు. ఆ పేరు తెలిసి మిగిలిన మనిషి ఆమె ఒక్కతే. ఆమెతోపాటే అదీ పోతుంది.

నాకు కోపం వచ్చింది. రాసుకున్నవాడి మీద, ఆ కట్టుబాటు మీద, దాన్ని చిన్నప్పుడు ముచ్చటగా చూసిన నా మీద.

"ఉప్పెన గురించి వెతకడం మానెయ్యి," అన్నాను శ్రావణితో. "ఉప్పెనకి ముందు ఆ పాలెం గురించి ఎవరైనా రాశారేమో చూద్దాం."

పాత టైపు ప్రతులు కంప్యూటర్లోకి ఎక్కలేదు. కార్డుల సొరుగులు లాగి నాలుగు రోజులు వెతికాం. చివరికి తెప్పల, నాటుపడవల కొలతల మీద డెబ్బై నాలుగులో ఎవరో చేసిన సిద్ధాంత గ్రంథం దొరికింది. ఒక్కరూ దాన్ని తీసి చదివిన గుర్తు లేదు. దాని చివర, ఆ పాలెంలో పడవ పడవకీ వేటకు వెళ్ళేవాళ్ళ పేర్లు ఉన్నాయి. మొత్తం నలభై మూడు. గ్రంథం బయటికి ఇవ్వకూడదు కాబట్టి మూడు పేజీలు జిరాక్సు తీయించాను. ఆదివారం తెనాలిలో రైలెక్కి, రేపల్లెలో దిగి, ఆటోలో నిజాంపట్నం చేరాం.

సుబ్బరత్నం ఎండలో చేపలు తిరగేస్తోంది. శ్రావణి ఆమె పక్కన కూర్చుంది.

"మామ్మా, నువ్వేం చెప్పొద్దు. నేను పేర్లు చదువుతా. ఆయన పేరొస్తే తలూపు."

మొదటి పడవ పేర్లకే ముసలామె చేతులు ఆగిపోయాయి. "ఈయన మా మావగారి తమ్ముడు," అంది. ఇంకో పేరుకి, "ఈడు బాగా పాడేవాడు," అంది. ఆ పేర్లన్నీ ఆమెకు ఒకప్పటి ఇరుగుపొరుగు. శ్రావణి ఆపకుండా చదివింది. ఆరో పడవలో మూడో పేరు అంకయ్య.

సుబ్బరత్నం కొంగు తలమీదికి లాక్కుని తలూపింది. నేను ఏడ్చాను, దాచుకోలేదు.

పేజీ అడుగున ఆధారం చూపించే అధోజ్ఞాపికను శ్రావణి అక్కడే రాసుకుంది. గ్రంథం, పేజీ, దాని కింద సుబ్బరత్నంతో ముఖాముఖి, ఊరు, తేదీ. "ఆమె నోటితో చెప్పలేదు కదండీ, ఏమని రాయను?" అంది.

"తల ఊపి ధ్రువీకరించారు అని రాయి. జరిగింది అదేగా."

శ్రావణి రాయడం పూర్తయ్యేదాకా సుబ్బరత్నం కాగితం వంకే చూసింది.

"అయిపోయిందా అమ్మా?"

"అయిపోయింది మామ్మా. పుస్తకంలో ఇరవై మందీ ఉంటారు."

"అయితే ఆ పేరు ఇంకోసారి చదువు. ఎవరన్నా అనగా విని శానా కాలమైంది."